సెంటరా, సర్కారు కొలువా, బడా, ఇంటింటికీ వెళ్లడమా: పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎక్కడ పనిచేస్తే మంచిది?

విజయవాడ చిట్టినగర్ కొండమీద ఉండే ఒక బాబుతో ఎనిమిది నెలలు థెరపీ సెంటర్లో మెట్లెక్కే సాధన చేయించాను. అన్ని సెంటర్లలోనూ కనిపించే చెక్క మెట్లే అవి. ఎక్కడానికి నాలుగు, దిగడానికి నాలుగు, పట్టుకోవడానికి రెండు వైపులా కడ్డీ. ఎనిమిదో నెలలో ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగాడు. వాళ్లమ్మ ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత వరసగా రెండు వారాలు రాకపోయేసరికి చూసి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆటో దిగిన చోటి నుంచి ఇంటి గుమ్మం దాకా తొంభైకి పైగా మెట్లున్నాయి. ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకొకటి మోకాలెత్తు. ఒక పక్క గోడ, ఇంకో పక్క మురుగు కాలువ. ఆ తల్లి రోజూ వాడిని చంకనేసుకుని దిగి, మళ్లీ ఎక్కుతోంది.

"నడుం పట్టేసింది మేడమ్, అందుకే తీసుకురాలేకపోయా" అంది.

నేను నేర్పిన మెట్లు వాడి బతుకులో ఎక్కడా లేవు. అది ఆ రోజు నాకు తెలిసింది. పిల్లల ఓటీగా, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, సెంటర్లో చేయాలా, బయట చేయాలా అని ఎవరు అడిగినా ముందు ఈ మెట్ల సంగతే చెబుతాను. జీతం, హోదా, సెలవులు ముఖ్యమే, వాటి గురించీ రాస్తాను. కానీ ఉద్యోగాలను పోల్చేటప్పుడు నేను చూసే మొదటి కొలత ఇది: మీరు నేర్పే చోటుకూ ఆ పిల్లాడు బతికే చోటుకూ మధ్య ఎంత దూరం ఉంది?

ఇది బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) పూర్తిచేసి విజయవాడ, గుంటూరు వైపు తిరిగి వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మనలో చాలామందిమి చదువు కోసం వేలూరు, మణిపాల్, చెన్నై, కటక్ దగ్గర ఓలత్‌పూర్ వెళ్లొచ్చినవాళ్లమే. అక్కడ పెద్ద ఆస్పత్రులు, పెద్ద విభాగాలు, పక్కనే సీనియర్లు. ఇక్కడికొచ్చాక ఒక్కోసారి మొత్తం మండలానికి మనం ఒక్కరమే ఉంటాం. ఆ తేడా లెక్కలోకి తీసుకోకుండా ఉద్యోగం ఎంచుకుంటే మొదటి ఏడాదే అలసిపోతారు.

పేరు దగ్గరే మొదలయ్యే పని

ఆస్పత్రి భాషలో ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. "బాబుకి ఓటీ కావాలి" అని డాక్టరు చెబితే ఆపరేషన్ అనుకుని, భయపడి నెల రోజులు కనిపించకుండా పోయిన కుటుంబం నాకు తెలుసు. సెంటర్లో అయితే గోడ మీద బోర్డు ఉంటుంది, రిసెప్షన్‌లో ఎవరో వివరిస్తారు. అంగన్‌వాడీలోనో, వాడలో ఒక అరుగు మీదో కూర్చున్నప్పుడు ఆ వివరణ మీరే ఇవ్వాలి, రోజుకు నాలుగైదు సార్లు ఇవ్వాలి. నేను ఇలా చెబుతాను: "అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, బాత్రూమ్‌కి వెళ్లడం, ఆడుకోవడం, రాసుకోవడం, ఇవన్నీ పిల్లల పనులు. వాళ్ల పని వాళ్లు చేసుకునేలా చేయడం నా పని." ఇది విసుగు లేకుండా చెప్పగలగడం కమ్యూనిటీలో పనిచేయడానికి మొదటి అర్హత.

ప్రైవేటు సెంటర్

సూర్యారావుపేట, మొగల్రాజపురం, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు చూస్తే పిల్లల థెరపీ సెంటర్లు చాలానే కనిపిస్తాయి. కొత్తగా చదువు ముగించినవాళ్లకు మొదటి ఉద్యోగం దొరికేది ఎక్కువగా వీటిలోనే. నా సలహా కూడా మొదటి ఏడాదిన్నర ఇక్కడే ఉండమని. అయితే ఒక షరతు ఉంది. అక్కడ మీకంటే అనుభవం ఉన్న ఓటీ ఒకరు ఉండాలి, మీ సెషన్ చూసి తప్పు చెప్పే తీరిక వాళ్లకు ఉండాలి.

సెంటర్లో చేయి తిరుగుతుంది. ఒకే వారంలో ఆటిజం ఉన్న పిల్లలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప, రాత సరిగా రాని మూడో తరగతి బాబు, ఇంతమంది కనిపిస్తారు. ఉయ్యాల, పెద్ద బంతి, బరువు దుప్పటి, కొలత పరీక్షలు అన్నీ దగ్గరుంటాయి. కండరాల బిగుతు ఎంతుందో చేత్తో పట్టుకుని తెలుసుకోవడం, ఒక పిల్లాడు ఎందుకు చెవులు మూసుకుంటున్నాడో రెండు నిమిషాల్లో పసిగట్టడం, ఇవి ఎక్కువమంది పిల్లల్ని చూస్తేనే వస్తాయి.

ఇబ్బంది ఏమిటంటే, సెషన్ వెనక సెషన్. ఒక్కొక్కటి నలభై, నలభై అయిదు నిమిషాలు. మధ్యలో మంచినీళ్లు తాగేలోపు తర్వాతి బాబు వచ్చేస్తాడు. అంతకంటే పెద్ద ఇబ్బంది తలుపు. నేను పనిచేసిన ఒక చోట తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. పిల్లలు ఏడుస్తారు, సెషన్ చెడిపోతుంది అనేవారు. బయట కుర్చీల్లో కూర్చున్న ఆ తల్లికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. వారానికి మూడు సెషన్లంటే దాదాపు రెండు గంటల పదిహేను నిమిషాలు. మిగతా వారమంతా ఆ పిల్లాడు ఆమెతోనే ఉంటాడు. ఆమెకు ఏమీ నేర్పకుండా పంపించి, మళ్లీ బుధవారం రమ్మన్నాం. దానికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతం ఎంత అని అడిగినట్టే ఇవీ అడగండి. తల్లిదండ్రులు గదిలోకి రావచ్చా? లక్ష్యాలు ఎవరు రాస్తారు, మీరా, మేనేజరా? ఇంటికి వెళ్లి చూసి రావడానికి నెలకు ఒక్క రోజైనా ఇస్తారా? ఓటీగా తీసుకుని స్పీచ్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్ కూడా మీ చేతే చేయిస్తారా? చివరి ప్రశ్నకు "అన్నీ మీరే చూసుకోవాలి" అని సమాధానం వస్తే అక్కడ చేరొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు.

ఇంకొక విషయం. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో ఓటీలను కూడా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్) నంబర్ అడుగుతుంటారు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండేది స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ అండ్ ఆడియాలజీ వాళ్లు, క్లినికల్ సైకాలజిస్టుల వంటివారికి. ఓటీలు, ఫిజియోలు అందులోకి రారు. మన వృత్తి 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలో ఉంది. ఈ తేడా యాజమాన్యానికి తెలియకపోతే మీరే నెమ్మదిగా చెప్పండి.

ప్రభుత్వం వైపు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగింటినీ చూస్తారు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వయసు పిల్లలు దీని కిందికి వస్తారు. ఆలస్యం కనిపించిన పిల్లల్ని జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి (లోపాలను తొందరగా గుర్తించి చికిత్స మొదలుపెట్టే కేంద్రానికి) పంపుతారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, సైకాలజిస్టు ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆలోచన.

ఇక్కడి గొప్పతనం వయసు. ప్రైవేటు సెంటర్‌కి పిల్లలు రెండున్నర, మూడేళ్లకు వస్తారు, అదీ మాటలు రాలేదని. డీఈఐసీలో నెలలు నిండకుండా పుట్టి నవజాత శిశువుల వార్డులో ఉండి వచ్చిన పసిబిడ్డను నాలుగో నెలలోనే చూడొచ్చు. మెడ నిలపడం లేదని, ఒక్క చేత్తోనే ఆడుకుంటోందని అప్పుడే పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంటుంది. చిన్నపిల్లలతో పనిచేయడం ఇష్టమైతే ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఉద్యోగాలు ఎక్కువగా నేషనల్ హెల్త్ మిషన్ కాంట్రాక్టు మీద ఉంటాయి. నోటిఫికేషన్ జాగ్రత్తగా చదవండి. ఓటీ అని విడిగా పోస్టు ఉందా, ఫిజియోథెరపిస్టుకు మాత్రమేనా అన్నది చూసుకోవాలి. రెన్యువల్ ఎప్పుడు, జీతం నెలనెలా వస్తోందా అన్నది ఇప్పటికే లోపల పనిచేస్తున్నవాళ్లను అడిగి తెలుసుకోండి.

దూరం మాత్రం ఇక్కడా ఉంది. గుంటూరు మిర్చి యార్డు సీజన్లో కాయల తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లి, ఆ రోజు కూలి వదులుకుంటేనే బిడ్డను తీసుకురాగలదు. ఒకసారి వస్తుంది, రెండోసారి వస్తుంది, మూడోసారి రాదు. ఫైల్లో "ఫాలో అప్‌కి రాలేదు" అని రాస్తారు. అది ఆమె నిర్లక్ష్యం కాదని రాసేవాళ్లకూ తెలుసు. అలాంటి తల్లికి ఇంకో మాట కూడా తప్పకుండా చెప్పాలి. మిరపకాయలు పట్టిన చేతులతో బిడ్డ నోరు, కళ్లు ముట్టుకోవద్దు, ముందు చేతులకు నూనె రాసుకుని సబ్బుతో బాగా కడుక్కోవాలి. నోటి చుట్టూ తాకితేనే ఉలిక్కిపడే బాబు అన్నం తినడం మానేస్తే కారణం కోసం మేం వారం రోజులు వెతికాం. కారణం ఆ మంటే.

బడి, భవిత కేంద్రం

నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అక్కడ ఐఈఆర్‌టీలు, అంటే ఆ పిల్లలకు పాఠాలు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయులు, ఉంటారు. చాలా కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు వారంలో ఒక రోజు వస్తారు. కేంద్రానికి రాలేనంత తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల ఇంటికి ఉపాధ్యాయులే వెళ్తారు. అలాంటి పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. "మీవాడిని ఈ బడిలో చేర్చుకోలేం" అని ఎవరైనా అంటే ఈ రెండు చట్టాల పేర్లు మీ నోటికి వచ్చి ఉండాలి.

ఈ వ్యవస్థలో ఓటీకి ఒక స్థిరమైన కుర్చీ ఉండటం అరుదు. ఏదో సంస్థ తరఫునో, ప్రైవేటు బడికి వారానికి రెండు రోజుల కన్సల్టెంట్‌గానో వెళ్తారు. అంటే డబ్బు తక్కువ, రేపు ఉంటుందన్న భరోసా తక్కువ. అయినా ఎందుకు ఇష్టమంటే, పిల్లాడి రోజులో అసలైన పనులు జరిగేది ఇక్కడే.

మధ్యాహ్న భోజనం వేళ చూడండి. ఎడమ చెయ్యి సరిగా రాని పాప పళ్లెంలో ఉడికించిన గుడ్డు ఉంది. గుడ్డు ఒలవాలంటే రెండు చేతులూ కావాలి. ఒకటి పట్టుకోవాలి, ఇంకొకటి పెంకు తీయాలి. సెంటర్లో పూసలు గుచ్చమంటే మొహం తిప్పుకునే పాప గుడ్డు కోసం ఆ ఎడమ చెయ్యి తానే ముందుకు తెస్తుంది. అన్నం కలుపుకోవడం ఇంకో పాఠం. పప్పు, అన్నం వేళ్లతో కలిపి, ముద్ద చేసి, జారకుండా నోటిదాకా తీసుకెళ్లడం ఎంత నైపుణ్యమో మనం గమనించం. మనం చదివిన పాఠ్యపుస్తకాల్లో చెంచా పట్టుకునే దశలన్నీ ఉంటాయి, ముద్ద గురించి ఒక్క వాక్యం ఉండదు. ఆ దశలు నేను ఆయాలను చూసి రాసుకున్నాను.

తరగతి గదిలో ఇంకా తేలిక మార్పులుంటాయి. కాళ్లు నేలకు అందని బాబు బెంచీ మీద జారిపోతుంటే కాళ్ల కింద రెండు ఇటుకలు, వాటి మీద ఒక గోనె ముక్క పెడితే రాత మారిపోతుంది. పెన్సిల్ పట్టు కుదరకపోతే సైకిల్ ట్యూబు ముక్క చుడితే చాలు. శబ్దం తట్టుకోలేని పాపను గంట కొట్టే వరండాకు దూరంగా కూర్చోబెట్టమని టీచర్‌తో చెప్పడం కూడా థెరపీయే. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. కానీ టీచర్ మీ మాట వినాలి. అరవై మందిని చూసుకునే టీచర్ దగ్గరికి వెళ్లి పది పాయింట్ల చార్టు ఇస్తే ఆమె దాన్ని బీరువాలో పెడుతుంది. నేనైతే ఒక్కటి చెబుతాను, రెండు వారాలు ఆగి వెళ్లి అది ఎలా ఉందో అడుగుతాను, తర్వాతే రెండోది. అంత ఓపిక లేకపోతే బడి పని మీకు టెన్షన్ తెచ్చిపెడుతుంది.

ఇంటికి వెళ్లి చేయడం

ఇది రెండు రకాలు. సంస్థ జీతం ఇచ్చి పంపితే ఒకటి, సొంతంగా తిరిగితే ఇంకొకటి. చేసే పని ఒకటే, కష్టం వేరు.

ముందు పని గురించి. ఇంట్లోకి వెళ్లగానే మీ చేతిలో ఏమీ ఉండదు. గోడల మూల ఉంటుంది. రెండు గోడల మధ్య బాబును కూర్చోబెట్టి, అటూ ఇటూ చుట్టిన బొంత పెడితే అదే మూల కుర్చీ. బియ్యం డబ్బా, బట్టల క్లిప్పులు, స్టీలు గ్లాసులు, చిక్కుడుకాయలు, ఇవే సామాను. ఏం లేదని కంగారు పడేవాళ్లు ఈ పనికి సిద్ధంగా లేనట్టే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పిల్లల ప్రత్యేక కుర్చీలు, కాళ్లకు వేసే స్ప్లింట్లు నీళ్ల పాలయ్యాయి. కొత్తవి వచ్చేదాకా మూల, బొంత, ఇటుకలతోనే నెట్టుకొచ్చాం.

రెండోది, ఇంట్లో మీ పని పిల్లాడితో కంటే పెద్దలతో ఎక్కువ. ఒక ఇంట్లో ఆరేళ్ల బాబు చేత అన్నం తినిపిస్తుంటే నాయనమ్మ పళ్లెం లాగేసుకుంది.

"ఏందమ్మా, వాడు ఏడుస్తుంటే చూస్తా ఊరుకుంటావా? నేను బతికున్నన్నాళ్లు నేనే తినిపిస్తా."

ఆమెతో వాదించలేదు. వాడు ఎలా తింటే దగ్గు రాకుండా ఉంటుందో మాత్రం చూపించాను. ఆమె వాడిని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తినిపించేది, తల వెనక్కి వాలి పొరబోయేది. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా పట్టుకోమన్నాను. దగ్గు తగ్గింది. అప్పటి నుంచి నా మాట వింది. మూడు నెలలకు, "చివరి మూడు ముద్దలు నువ్వు తినరా నాయనా" అని ఆమే అనడం మొదలుపెట్టింది. ఆ మూడు ముద్దలు సెంటర్లో నేను ఏడాది చేసినా వచ్చేవి కావు. తినేటప్పుడు తరచూ పొరబోతున్నా, ఆయాసం, పదే పదే నిమ్ము కనిపించినా ముందు డాక్టరుకు చూపించాలి, మన సలహాలు ఆ తర్వాతే.

మొదట చెప్పిన కొండమీది బాబు సంగతి కూడా ఇలాగే తేలింది. వాళ్ల నాన్న ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. నేను వెళ్లిన నెలకు బాగా నిటారుగా ఉన్న పదిహేను మెట్ల వెంట గోడకు ఒక పైపు బిగించాడు. బాబు నడుము ఎత్తు కొలిచి మరీ బిగించాడు. ఇప్పుడు ఆ పదిహేనూ బాబే ఎక్కుతాడు, మిగతావి ఎత్తుకుంటారు. పైపు ఉన్నాక ఇరుగు పొరుగు ముసలివాళ్లు కూడా పట్టుకుని ఎక్కుతున్నారు.

ఇక కష్టాలు. మే నెలలో విజయవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పదకొండు నుంచి నాలుగు దాకా ఏ ఇంటికీ వెళ్లలేరు, అంటే రోజు రెండు ముక్కలవుతుంది. పటమటలో ఒకరు, భవానీపురంలో ఒకరు, గుణదలలో ఒకరు ఒప్పుకుంటే సగం రోజు రోడ్డు మీదే. సోమవారం ఒక వైపు, మంగళవారం ఇంకో వైపు అని ప్రాంతాల వారీగా పెట్టుకోండి. విజయవాడలో ఉంటూ గుంటూరు ఇళ్లు ఒప్పుకునేవాళ్లున్నారు. ముప్ఫై అయిదు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, రోజూ రానూపోనూ చేస్తే ఆరు నెలల్లో నడుము చెబుతుంది.

సొంతంగా చేస్తే డబ్బు నెల మొదట్లోనే తీసుకోవడం మంచిది. విజిట్‌కు ఇంత అని పెట్టుకుంటే పండక్కి ఊరెళ్లారని, జ్వరమని సగం రోజులు పోతాయి. జీతంతో పోల్చేటప్పుడు పిల్లలతో గడిపే గంటలనే కాదు, పెట్రోలు, ప్రయాణం, రాసుకునే సమయం అన్నీ కలిపి గంటకు ఎంత మిగులుతోందో కాగితం మీద వేయండి. చాలామందికి ఆ లెక్క చూశాక సెంటర్ జీతం అంత చిన్నదిగా కనిపించదు. పైగా సొంత విజిట్లకు డబ్బు ఇవ్వగలిగేది అపార్టుమెంట్ కుటుంబాలే. వాడలో పనిచేయాలన్న కోరికతో మొదలుపెట్టి, చివరికి లిఫ్టు ఉన్న ఇళ్లకే పరిమితమైపోవడం తేలిక. నేను శనివారం మధ్యాహ్నాలు డబ్బు తీసుకోకుండా కొండ ప్రాంతాలకు కేటాయించుకున్నాను. అందరికీ కుదరాలని లేదు.

భద్రత విషయం మొహమాటం లేకుండా చెబుతున్నాను. తల్లిగానీ, ఇంకెవరైనా పెద్దవాళ్లుగానీ గదిలో లేకుండా పిల్లలతో పని చేయొద్దు. తలుపు తీసే ఉంచండి. మీకూ మంచిది, బిడ్డకూ మంచిది. ఎక్కడికి వెళ్తున్నారో రోజూ ఒకరికి తెలిసి ఉండాలి. పిల్లాడిపై లైంగిక వేధింపు జరుగుతోందన్న అనుమానం వస్తే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, ఊరుకుంటే అది నేరం. ఫిట్స్ విషయం కూడా నేర్చుకుని వెళ్లండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు, అయిదు నిమిషాలు దాటితే 108.

ఇంకొకటి మీరు ఊహించని ప్రశ్న: "మేడమ్, పర్సంటేజీ కాస్త ఎక్కువ వచ్చేలా రాయండి." మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను ₹6,000, పూర్తిగా మంచాన పడినవాళ్లకు ₹15,000. పేద ఇంటికి అది చిన్న మొత్తం కాదు. బిడ్డ నడక మెరుగైతే పింఛను పోతుందేమోనన్న భయం కూడా చాలా ఇళ్లలో ఉంటుంది, ఆ భయాన్ని తప్పు పట్టకండి. వైకల్య శాతం నిర్ణయించేది సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరంలోని డాక్టర్లు, మన చేతిలో లేదు. ఉన్నది ఉన్నట్టు రాసిస్తామని, స్లాటు ఎలా తీసుకోవాలో చెబుతామని అంటే చాలామంది అర్థం చేసుకుంటారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది, లక్ష రూపాయల దాకా. అది తెలియని కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

స్వచ్ఛంద సంస్థలు

క్లుప్తంగా. ఇక్కడ మీరు నేరుగా చేసే థెరపీ తక్కువ, ఊళ్లో తిరిగే కార్యకర్తలకు నేర్పేది ఎక్కువ. మీ నైపుణ్యం ఇంకొకరి చేతుల్లో పనిచేయడం చూసి సంతోషించగలిగితే చేరండి. చేరే ముందు ప్రాజెక్టు ఎప్పటిదాకా, ఆ తర్వాత ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు అని అడగండి. రెండో ప్రశ్నకు సమాధానం లేని సంస్థలో నేను చేరను.

ఎవరికి ఏది

ఇప్పుడే ఇంటర్న్‌షిప్ ముగించినవాళ్లు నేరుగా సొంత హోమ్ విజిట్లు మొదలుపెట్టొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు మీ తప్పు మీకు కనబడదు, నష్టపోయేది పిల్లాడు. సీనియర్ ఉన్న సెంటర్లో ఏడాదిన్నర, రెండేళ్లు చేయండి. ఆ కాలంలోనే నెలకు రెండు ఇళ్లు చూసి రండి, మీ సొంత ఆదివారమైనా సరే.

ఆ అనుభవం ఇప్పటికే ఉండి, సెంటర్లో గోడలు ఇరుకనిపిస్తున్నవాళ్లు పూర్తిగా మానేయకుండా మూడు రోజులు సెంటర్, రెండు రోజులు బడి లేదా ఇళ్లు అని మొదలుపెట్టొచ్చు. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. సెంటర్ డబ్బుకు, సాటివాళ్లతో మాట్లాడుకోవడానికి ఉంటుంది, బయట పని అసలు సమస్య చూపిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు బడి వేళలు బాగా నప్పుతాయి. పసిపిల్లలంటే ప్రాణమైనవాళ్లు కాంట్రాక్టు బెంగ తట్టుకోగలిగితే డీఈఐసీకి దరఖాస్తు చేయండి. తెనాలి, పొన్నూరు, మైలవరం వైపు సొంతూరు ఉన్నవాళ్లు అక్కడికే వెళ్లడం గురించి ఆలోచించండి. ఆ ఊళ్ల నుంచి తల్లులు మా దగ్గరికి రెండు బస్సులు మారి వస్తున్నారు. మీరక్కడ ఉంటే ఒక్కటీ ఎక్కక్కర్లేదు.

ఏ ఉద్యోగమైనా సంతకం పెట్టే ముందు ఒక రోజు అక్కడ గడపడానికి అనుమతి అడగండి. జీతం లేకుండా, ఊరికే చూడటానికి. ఉదయం కాకుండా పన్నెండు ప్రాంతంలో వెళ్లి, భోజనాల వేళ దాటేదాకా ఉండండి. ఆ పిల్లలకు అన్నం ఎవరు తినిపిస్తున్నారో, పళ్లెం ఎవరి ముందు పెడుతున్నారో చూసి రండి.